తుగ్లక్ కోసం నలుగురి పోటీ: ఒక కార్డుల ఆట గురించి

ఎవరి నిర్ణయమైనా తలాతోకా లేకుండా కనిపిస్తే చాలు, "తుగ్లక్ పని" అనేస్తాం. మహమ్మద్ బిన్ తుగ్లక్‌కి పడిపోయిన ఆ ముద్రను మార్చడమే ఈ ఆట. చరిత్ర పాఠాలు చెప్పే మిత్రుడొకరు తయారు చేశారు. ఇంకా పేరు పెట్టలేదు, అచ్చుకి ఇచ్చే ముందు ఆడి చూసి రాయమన్నారు.

ఆటగాళ్లు నలుగురూ భవిష్యత్తు నుంచి ఆయన పాలించిన 1325-1351 కాలానికి వెళ్తారు. ఒకరు సుల్తాన్‌ని మేధావిగా నిలబెట్టాలి. ఒకరు పిచ్చివాడిగానే ఉంచాలి. ఒకరు క్రూరుడిగా చూపించాలి. ఒకరు అసలు ఎవరికీ గుర్తులేకుండా చేయాలి. ఎవరి పని ఏమిటో పక్కవాళ్లకి తెలియదు.

అందరూ ముందు నాణేల కార్డు మీదే పడతారు. 1330 ప్రాంతంలో రాగి, ఇత్తడి నాణేలు వెండి టంకా విలువకే చెల్లాలని సుల్తాన్ ఫర్మానా ఇచ్చాడు. ఆలోచనలో తప్పేమీ లేదు, చైనాలో అప్పటికే కాగితం డబ్బు నడుస్తోంది. కానీ జనం దొంగ నాణేలు పోసేసుకున్నారు. చివరికి ఖజానాలోని వెండి ఇచ్చి వాటిని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆటలో దీన్ని సరిచేయాలంటే టంకశాల కార్డు సంపాదించి, నకలు చేయలేని ముద్ర వేయించాలి. వేయించామనుకోండి, ఖజానా నిండుతుంది. నిండగానే ఇరాన్ వైపున్న ఖురాసాన్ మీద దండయాత్ర కార్డు తెరుచుకుంటుంది, డబ్బంతా ఆ భారీ సైన్యం జీతాలకి పోతుంది. ఒక తప్పు దిద్దితే ఇంకో పెద్ద తప్పుకి ఊపిరి పోసినట్టవుతుంది. ఈ లింకు కుదిర్చిన తీరుకి మిత్రుణ్ణి మెచ్చుకోవాల్సిందే.

నాకు అన్నిటికంటే నచ్చినవి చరిత్రకారుల కార్డులు. బరనీ, ఇబ్న్ బతూతా ఉన్నారు కానీ మనసులో నిలిచిపోయేది ఇసామీ. రాజధానిని ఢిల్లీ నుంచి దేవగిరికి, అంటే దౌలతాబాద్‌కి, మార్చినప్పుడు ఇసామీ తొంభై ఏళ్ల తాతని కూడా బయల్దేరదీశారు. పెద్దాయన దారిలోనే పోయాడు. ఆ మనవడే 1350లో, సుల్తాన్ మీద తిరగబడి దక్కన్‌లో రాజ్యం పెట్టిన బహమనీల నీడలో కూర్చుని, సుల్తాన్ మీద దుమ్మెత్తిపోస్తూ కావ్యం రాశాడు. ఆటలో తాత కార్డుని ఢిల్లీ గడిలోనే ఆపగలిగితే ఇసామీ కలం మెత్తబడుతుంది. రాజధాని మార్పుని రద్దు చేయనక్కర్లేదు, ఒక్క ముసలాయన్ని తన ఇంట్లో ఉండనిస్తే చాలు. మా చెల్లెలి కొడుకు, సుల్తాన్‌ని క్రూరుడిగా చూపించాల్సినవాడు, ఆ కార్డు చేతికొచ్చాక తాతని ఊరు దాటించనని పట్టుబట్టాడు. ఓడిపోతావురా అన్నా వినలేదు.

నచ్చనివి రెండున్నాయి. గంగా యమునల మధ్యనున్న దోఆబ్‌లో పన్నులు పెంచిన సమయానికే కరువొచ్చింది, రైతులు పొలాలు వదిలి అడవుల్లోకి పారిపోయారు. ఆటలో అది "రెండు పాయింట్లు పోతాయి" అన్న ఒక్క ముక్కతో సరి. తర్వాత సుల్తాన్ రైతులకి అప్పులిప్పించాడు, సేద్యానికి ప్రత్యేక శాఖ పెట్టాడు. వాటికీ కార్డులుండాలి. ఆకలి చావుల్ని పాయింట్లలోకి కుదించడం నాకు సుతరామూ ఒప్పలేదు.

రెండోది ఓరుగల్లు. యువరాజు ఉలుగ్ ఖాన్‌గా 1323లో ఆ కోటని పట్టుకుని, ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపింది ఈయనే. ఆట 1325లో మొదలవుతుంది కాబట్టి అదంతా వదిలేశారు. తెలుగువాళ్ల కోసం చేసిన ఆటలో ఇది పెద్ద లోటు. ఆయన్ని మేధావిగా నిలబెట్టే ఆటగాడు కాకతీయుల పతనానికి కూడా సమాధానం చెప్పుకోవాలి. రెండేళ్లు వెనక్కి జరపమని మిత్రుడికి గట్టిగానే చెప్పాను, ఆలోచిస్తానన్నారు.

కార్డులు పల్చగా ఉన్నాయి, కలిపేటప్పుడు మూలలు మడతపడుతున్నాయి. నియమాల పుస్తకం మాత్రం చక్కటి తెలుగులో ఉంది. హైస్కూలు పిల్లలు హాయిగా ఆడతారు. ఇద్దరే ఉంటే మాత్రం తీయకండి. ఎదుటివాళ్ల రహస్యం రెండు ఎత్తుల్లోనే తెలిసిపోతుంది.