గోల్కొండలో పన్నెండు వందల గైడు

విశాఖపట్నంలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి హైదరాబాదులో దిగాము. మెహిదీపట్నం వైపు తీసుకున్న గదికి రోజుకు 2,350 రూపాయలు, శుభ్రంగానే ఉంది. చెప్పవలసిందల్లా గోల్కొండ గుమ్మంలో మాకు తగులుకున్న గైడు గురించే.

కోట టిక్కెట్టు తలకు 25 రూపాయలు. నలుగురికి వంద రూపాయలయ్యే కోటను చూపించడానికి ఆయన 1,200 అడిగి, కొండపైదాకా వస్తానని చెప్పి, ముందే పుచ్చుకున్నాడు. బాలా హిస్సార్ ద్వారం దగ్గర గుమ్మటం కింద మా చేత చప్పట్లు కొట్టించి, ఈ శబ్దం శిఖరాన కావలివాళ్లకు వినిపించేదన్నాడు. భద్రాచలం గుడికి సర్కారు పన్ను సొమ్ము వాడినందుకు కంచర్ల గోపన్నను తానీషా బంధించిన చెరసాల చూపించాడు. గోడమీది దేవతామూర్తులకు మా అత్తగారు చేతులు జోడించి నిలబడిపోగా, ట్రెజరీలో పనిచేసి రిటైరైన మా బావమరిది మాత్రం, "ఇప్పుడైనా సస్పెన్షనే కదా, బావగారూ!" అన్నాడు. ఆ నవ్వు ఆగేలోపే గైడు, పైన మెట్లు తప్ప ఏమీ లేవని చెప్పి వెనక్కి తిరిగాడు.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని ఈ కోట, లోపలివాడొకడు సొమ్ము పుచ్చుకుని తలుపు తీయడంతో పడిపోయింది. ఆ కథ మాకు ఇంత దగ్గరగా అర్థమవుతుందనుకోలేదు.

"సింహాచలం మెట్లెక్కినదాన్ని, నాకిదో లెక్కా!" అంటూ అత్తగారే ముందు నడిచారు. పైన జగదాంబ గుడి ఉంది. మా విశాఖవాళ్లకు జగదాంబ అంటే సెంటరు. ఇక్కడ మాత్రం ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ తల్లితోనే. కాకతీయుల మట్టికోటగా మొదలై, 1518 నుంచి కుతుబ్‌షాహీల రాజధానిగా వెలిగి, మొగలులు గెలిచాక పాడుబడిన ఈ చోటనే 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆగస్టు 15న జెండా ఎగరేస్తోంది. గైడు ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. నా మాట వింటే ఎవరినీ మాట్లాడుకోకండి. నీళ్లసీసా పట్టుకుని, ఎండ ముదరకముందే ఎక్కండి.

కొండమీది దర్బారు మంటపమైన బారాదరి నీడలో కూర్చుని వేరుశెనగకాయలు వలుచుకుంటుండగా కింది నుంచి చప్పట్లు, పక్కనే కొట్టినంత స్పష్టంగా వినిపించాయి. తొంగి చూస్తే, గుమ్మటం దగ్గర మా గైడు మరో కుటుంబాన్ని నిలబెట్టి ఉన్నాడు.