బోరు నీళ్ల ఇంట్లో కుండీకి ఏది మేలు: ఎర్రమట్టి, గెత్తమా? కోకోపీటా?

విజయనగరంలో మా ఇంటికి డాబా మీద హక్కు లేదు. టమాటా, మిరప కుండీలన్నీ వరండాలో గ్రిల్ పక్కనే పెట్టుకోవాలి. ఎండ సగం పూట తగులుతుంది, వాన చుక్క మాత్రం పడదు. ఈ వాన పడకపోవడం చాలా పెద్ద విషయమని నాకు ఆలస్యంగా తెలిసింది. బయట కుండీలో పేరుకున్న ఉప్పును ఆషాఢం, శ్రావణం వానలే కడిగేస్తాయి. కప్పు కింద కుండీలో మనం పోసిన నీళ్లు ఆవిరవుతాయి, వాటిలోని ఉప్పు మట్టిలోనే మిగులుతుంది.

అందుకే మట్టి, గెత్తం (పశువుల ఎరువు) మేలా, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మేలా అని ఎవరడిగినా నేను ముందు నీళ్ల గురించే అడుగుతాను. మా బోరు నీళ్లు పీహెచ్ 7.8, ఈసీ 0.9. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా అన్న కొలత, 7 దాటితే క్షారం. ఈసీ అంటే నీళ్లలో కరిగిన లవణాల గాఢత, మిల్లీసీమెన్స్‌లో చూస్తాం. ఎరువు ఒక్క గ్రాము కలపకముందే మా నీళ్లు అంత చిక్కగా ఉన్నాయి. లీటరుకు గ్రాము చొప్పున 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) వేస్తే మీటరు 1.7 చూపింది. వాన నీళ్లలో అదే గ్రాము వేస్తే 0.85 దగ్గర ఆగింది. ప్యాకెట్ మీద రాసిన మోతాదు ఒకటే, మొక్కకు అందే గాఢత మాత్రం రెండింతలు.

మొదట కోకోపీట్ సంగతి. 5 కిలోల ఇటుక నానబెడితే 60 నుంచి 75 లీటర్ల దాకా పొంగుతుంది. తేలిక, పురుగూ బూజూ తక్కువ, వేరుకు గాలి బాగా ఆడుతుంది. ఉద్దానం కొబ్బరి ఉన్న జిల్లా పక్కనే ఉంటూ దీన్ని కాదనడం నాకూ ఇష్టం లేదు. అయితే దానిలో సొంత పోషకం దాదాపు ఏమీ ఉండదు, ఉన్నది పొటాష్, సోడియం. ఉప్పు నీళ్లలో నానిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే సోడియం మరీ ఎక్కువ. పైగా మనం ఇచ్చిన కాల్షియాన్ని మొదట్లో అదే పట్టేసుకుంటుంది. టమాటా కాయ అడుగు నల్లబడటానికి ఇదొక కారణం. కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగాకే కుండీలో నింపాలి.

నేను కడిగాను గానీ నీళ్లను పట్టించుకోలేదు. మూడో నెలలో టమాటా కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఆకలేమో అనుకుని ఎరువు పెంచాను. వారానికి ఆకు కొసలు మాడాయి. ఆ టెన్షన్‌లో కుండీ అడుగు నుంచి కారిన నీళ్లు పట్టి చూస్తే ఈసీ 3.6, పీహెచ్ 7.7. తిండి లేక కాదు, పీహెచ్ ఎక్కువై ఇనుము అందక ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందు పండుతాయి, ఇనుము లోపం లేత ఆకుల్లో కనిపిస్తుంది. ఈ తేడా అప్పుడే తెలిసుంటే ఆ మొక్కల్ని అంత బాధపెట్టేదాన్ని కాదు.

కోకోపీట్ మంచితనం కూడా అక్కడే చూశాను. కుండీకి మూడింతల నీళ్లు, సగం వాన నీళ్లు కలిపి, ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలతో పీహెచ్ 6కి దించి పోశాను. రెండు వారాల్లో కొత్త చిగురు ఆకుపచ్చగా వచ్చింది. చెడడం ఎంత త్వరో బాగవడమూ అంతే త్వర.

మట్టికి ఆ గుణం లేదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన గెత్తం ఒక పాలు, కొంచెం ఇసుక కలిపిన కుండీలో అవే బోరు నీళ్లు పోస్తే ఏడాది గడిచినా పీహెచ్ 6.6 నుంచి 7.1కే వెళ్లింది. మట్టిలోని బంకమన్ను, కుళ్లిన సేంద్రియం ఆ దెబ్బను కాచుకుంటాయి. గెత్తం నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఒక పూట మోతాదు తప్పినా మొక్క తట్టుకుంటుంది. కానీ ఒకసారి 7.5 దాటితే దించడం నెలల పని. గంధకం పొడి కలిపినా దాన్ని ఆమ్లంగా మార్చేది సూక్ష్మజీవులే, వాటికి తడి, వెచ్చదనం, సమయం కావాలి. నిమ్మరసం పిండితే సరిపోదా అని మా పక్కింటి పిన్ని అడుగుతారు. సిట్రిక్ ఆమ్లాన్ని ఆ సూక్ష్మజీవులే తినేస్తాయి పిన్నీ, కొద్ది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుందని చెబుతాను. పొయ్యి బూడిద వారం వారం చల్లే అలవాటూ మా నీళ్లకు పనికిరాదు, బూడిద పీహెచ్‌ను ఇంకా పైకి తోస్తుంది. కోళ్ల ఎరువుతో ఉప్పు పెరుగుతుంది.

నీళ్లు బోరువే, రోజూ మీటరు పట్టే తీరిక లేదు అంటే నా ఓటు ఖచ్చితంగా మట్టి, గెత్తానికే. వాన నీళ్లు పట్టుకునే డ్రమ్మో, ఈసీ 0.3 లోపు నీళ్లో ఉండి, వారానికి రెండుసార్లు కారిన నీళ్లు కొలవగలిగితే కోకోపీట్‌లో కాపు ముందు వస్తుంది. అందులో మొలకకు ఈసీ 0.8, పూత ముందు 1.5, టమాటా కాయ దశలో 2 నుంచి 2.5, పీహెచ్ 5.8 నుంచి 6.2 నేను పాటించే లెక్క. కాల్షియం నైట్రేట్‌ను 19:19:19తో ఒకే డబ్బాలో చిక్కగా కలపకూడదు, తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. వేర్వేరు రోజుల్లో ఇవ్వాలి.

ఒక మాట మీటరు గురించి. చవక టీడీఎస్ మీటర్లు పీపీఎంలో చూపిస్తాయి. ఈసీ 1 ఉన్న అదే నీటిని ఒకటి 500 పీపీఎం అని, మరొకటి 700 అని చూపిస్తుంది. ఈసీలోనే చదవండి. పీహెచ్ పెన్నును 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) నెలకోసారి సరిచూడకపోతే అది చెప్పే అంకెను నమ్మలేం.

ఈసారి మిరపను మట్టిలో, నారును కోకోపీట్‌లో పెట్టాను. ఇంటాయన వరండా చూరుకు రేకు గొట్టం బిగించి డ్రమ్ములోకి దించారు.