స్నో వైట్ (1937): ముద్దు సంగతి సరే, వంటగది చూడండి

వాల్ట్ డిస్నీ ‘స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’ మాట రాగానే విషపు ఆపిల్ తిని పడిపోయిన స్నో వైట్‌ని రాకుమారుడు లేపే చివరి ముద్దు మీద అందరూ పడతారు. నిజానికి 83 నిమిషాల సినిమాలో రాకుమారుడు కనిపించేది మొదట కాసేపు, చివర కాసేపు. మగమనిషి బొమ్మని సహజంగా కదిలించడం అప్పటి యానిమేటర్లకి కొరుకుడు పడక అతని పాత్రకి కత్తెర వేశారు. పైగా గ్రిమ్ సోదరుల కథలో ముద్దే లేదు. ఆమె శవపేటిక మోసేవాళ్ల కాలు తడబడి, ఆ కుదుపుకి గొంతులోని ఆపిల్ ముక్క బయటపడుతుంది. ఆడవాళ్ల పనేమిటి, మగవాళ్ల పనేమిటి అన్న లెక్క ఈ సినిమాలో తేలేది వంటగదిలో.

సవతి తల్లి అయిన రాణి చంపించబోతే పారిపోయి, అడవిలో ఏడుగురు మరుగుజ్జుల ఇల్లు చేరి, అక్కడి దుమ్ము, కడగని గిన్నెలు చూసి, ఇక్కడి పిల్లలకి తల్లి లేదేమో అనుకుంటుంది స్నో వైట్. శుభ్రం చేసిపెడితే ఉండనిస్తారని చీపురు పడుతుంది. ఉడత దుమ్ముని తివాచీ కిందకి తోస్తే కసురుతుంది, జింక పళ్లెం నాకితే తొట్టిలో వెయ్యమంటుంది. గ్రిమ్ కథలో షరతు పెట్టేది మరుగుజ్జులు: వండు, పక్కలు వెయ్యి, ఉతుకు, కుట్టు, అప్పుడుండు. సినిమాలో వాళ్లు నోరు తెరవకముందే ఆ జాబితా తనే చదువుతుంది. బేరం కుదిరేది మాత్రం గూస్‌బెరీ ‘పై’ (పండ్లు నింపి కాల్చే పిండివంట) అన్న మాట దగ్గర. ఆడవాళ్లంటే విషం అని గొణిగే మరుగుజ్జు గ్రంపీ తప్ప అందరూ ఎగిరి గంతేస్తారు.

ఆ మగవాళ్లు చేసేదేమిటో కూడా చూడండి. రోజంతా వజ్రాలు తవ్వుతారు, ఎందుకు తవ్వుతున్నామో తెలీదని పాటలో వాళ్లే ఒప్పుకుంటారు. గనికి తాళం వేసి తాళంచెవి తలుపు పక్కనే తగిలిస్తారు. ఇంటికి దీపం ఇల్లాలే అన్న మాటని ఇంత సరదాగా చెప్పిన సినిమా అరుదు, అందుకే అది అంత గట్టిగా పట్టుకుంటుంది.

అలాగని ఆమెని వట్టి పనిమనిషి అనలేం. భోజనానికి ముందు ఏడుగురినీ వరసగా నిలబెట్టి చేతులు చూసి బయటికి తోలుతుంది. ‘ముందే అనుకున్నా, ఇందులో ఏదో మెలిక ఉందని’ అంటాడు గ్రంపీ, చివరికి అతన్ని ఎత్తి తొట్టిలో ముంచుతారు. గిన్నెలూ చేతుల వరకూ ఆమెదే రాజ్యం. విచిత్రమేమిటంటే వాళ్లు సూప్ తాగే సన్నివేశాన్ని గీసి కూడా తీసేశారు. వండటం ఉంది, కడుక్కోవడం ఉంది, తినడం లేదు!

అసలు పట్టు రాణి ఎత్తులో ఉంది. గ్రిమ్ రాణి మూడుసార్లు వస్తుంది: నడుముకి బిగించే తాడు, విషపు దువ్వెన, ఆపిల్. మొదటి రెండూ అలంకారపు ఎరలు. సినిమా ఆ రెంటినీ వదిలేసింది. ముసలమ్మ వేషంలో రాణి వచ్చేసరికి స్నో వైట్ ‘పై’ చేస్తోంది, పక్షులు పిండితో దాని మీద గ్రంపీ పేరు దిద్దుతున్నాయి. కిటికీలోంచి తల పెట్టి, మగవాళ్ల నోరూరించేది ఆపిల్ ‘పై’ కదా అంటుంది ముసలమ్మ. ఇంటి గడప దాటకుండానే ప్రమాదం లోపలికొచ్చింది. మంచి ఇల్లాలు కావాలన్న ఆశే ఎర. ఈ ఒక్క మార్పు కోసమైనా సినిమా మళ్లీ చూడొచ్చు.

రాణి పాత్ర మీద నాకు ఫిర్యాదే ఉంది. సింహాసనం, మందుల విద్య, తెగువ అన్నీ ఉన్న ఏకైక స్త్రీ ఆమే, ఆమే దుర్మార్గురాలు. అంత అధికారమున్నా తన విలువ చెప్పాల్సింది మాయ అద్దంలోని మగ ముఖం.

తెర వెనక లెక్కా ఇంతే. గీతలకి ఇంకు దిద్ది రంగులు నింపింది యువతులు, యానిమేషన్ గీసింది మగవాళ్లు. సృజనాత్మకమైన పని ఆడవాళ్లు చెయ్యరని 1938లో ఒక అమ్మాయికి స్టూడియో ఇచ్చిన జవాబు ఇప్పటికీ దొరుకుతుంది.

చిన్నపిల్లలతో చూసేవాళ్లు అడవిలో పరుగు, రాణి ముసలమ్మగా మారడం ఈ రెండు చోట్లా పక్కనే ఉండండి. అప్పట్లో బ్రిటన్‌లో పిల్లలు పెద్దలతో కలిసే చూడాలని సర్టిఫికెట్ ఇచ్చింది ఊరికే కాదు.