799 రూపాయలకు నలభై ప్రీమియం ప్లగిన్లు: కొనేముందు ఇది చదవండి

వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేరు) మీద సొంత సైటు నడుపుకుంటున్నవారు, ముఖ్యంగా ఇంటి పట్టున ఉండి వంటల గురించో తోటపని గురించో రాసుకునే నావంటివారు, ‘నలభై ప్రీమియం ప్లగిన్లు, జీవితకాలపు లైసెన్సు, 799 రూపాయలు మాత్రమే’ అన్న ప్రకటన కనబడితే దయచేసి దాని జోలికి పోవద్దు. ప్లగిన్ అంటే సైటుకు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాము. నేను పోయాను. మార్చిలో కొన్నాను. ఏప్రిల్ మూడో వారానికి, అంటే ఏడాది మొత్తంలో నా సైటుకు ఎక్కువమంది వచ్చే ఆవకాయ రోజులలో, గూగుల్‌లో వెతికి ఫోనులో నా పేజీ నొక్కినవారు ఏదో జూదం సైటుకు చేరారు. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు వారు ఇప్పటికే మార్చేసుకున్నారు కనుక రాసినా మీకు ఉపయోగం ఉండదు. వారి పద్ధతి మాత్రం మారలేదు కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను.

నా అవసరాలు పెద్దవేమీ కావు. ఆరేళ్లుగా పచ్చళ్లు, పొడులు, పిండివంటల గురించి రాస్తున్న సైటు అది. వ్యాఖ్యల పెట్టెలో రోజూ వందకు పైగా చెత్త వచ్చి పడేది. ఫోటోలు పెరిగిన కొద్దీ పేజీలు నెమ్మదించాయి. లాగిన్ పేజీ దగ్గర ఎవరో పాస్‌వర్డులు వరసబెట్టి ప్రయత్నిస్తున్నారని హోస్టింగ్ వారు (సైటును తమ సర్వరు మీద ఉంచేవారు) మెయిలు పంపారు. చెత్త వ్యాఖ్యలను ఆపేది ఒకటి, పేజీలను వేగంగా అందించే కాషింగ్ ప్లగిన్ ఒకటి, కాపలాకు ఒకటి, బ్యాకప్‌కు ఒకటి, శీర్షికలనూ వివరణలనూ గూగుల్‌కు అర్థమయ్యేలా సర్దిపెట్టేది ఒకటి ఉంటే నాకు సరిపోతుంది. ఈ ఐదు పనులకూ వర్డ్‌ప్రెస్ వారి సొంత ప్లగిన్ డైరెక్టరీలో మంచివి ఉచితంగానే దొరుకుతాయని నాకు తెలియకపోలేదు. అయినా ‘ప్రీమియం’ అన్న మాటకూ, పక్కనే కొట్టేసి ఉన్న అసలు ధరకూ లొంగిపోయాను.

ప్రకటన నొక్కితే ఒక మెసేజింగ్ గ్రూపులోకి తీసుకువెళ్లింది. చెల్లింపు క్యూఆర్ కోడ్ ద్వారా చేయాలి. స్కాన్ చేయగానే తెర మీద కనిపించినది సంస్థ పేరు కాదు, ఒక వ్యక్తి పేరు. బిల్లు అడిగితే ‘డిజిటల్ ఐటమ్స్‌కి బిల్లు ఉండదు మేడం’ అన్నారు. అది అబద్ధమని అప్పుడే పోల్చుకోవలసింది. డబ్బు పడిన నిమిషానికి డ్రైవ్ లింకు వచ్చింది, దానితో పాటు మూడు సూచనలు వచ్చాయి. జిప్ ఫైలు విప్పేటప్పుడు కంప్యూటరులోని యాంటీవైరస్ హెచ్చరిస్తే పట్టించుకోవద్దు. సైటులో సెక్యూరిటీ ప్లగిన్ ఏదైనా ఉంటే ముందు దాన్ని ఆపి, ఆ తర్వాత ఇవి ఎక్కించాలి. డాష్‌బోర్డులో అప్‌డేట్ ఉందని చూపినా నొక్కవద్దు, కొత్తవి వస్తే మేమే పంపుతాము. ఇప్పుడు ఆ సందేశం చదువుతుంటే, దొంగ పగటిపూటే ఇంటికి వచ్చి, కుక్కను కట్టేయండి, వీధిదీపం ఆర్పేయండి, గడియ పెట్టకండి అని మర్యాదగా చెప్పి వెళ్లినట్టుంది. ఆ మూడూ నేను తుచ తప్పకుండా చేశాను.

మొదటి మూడు వారాలు అంతా బాగానే ఉంది. విషయం మొదట తెలిసింది మా మేనకోడలి ద్వారా. ‘అత్తా, నీ మాగాయ పేజీ నొక్కితే పేకాట సైటు వస్తోందేమిటి?’ అని ఫోను చేసింది. వెంటనే తెరిచి చూశాను. నాకు మాగాయే కనిపించింది. ల్యాప్‌టాపులో చూసినా అంతే, నా ఫోనులో చూసినా అంతే. దాని ఫోనులోనే ఏదో ఉందని చెప్పి పెట్టేశాను. మర్నాడు ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు అదే మాట రాశారు. చివరకు అర్థమైనదేమిటంటే, ఆ కోడ్ మనిషిని చూసి నడుచుకుంటుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నవారిని, చిరునామా నేరుగా కొట్టి వచ్చేవారిని ముట్టుకోదు. గూగుల్ ఫలితాల మీద నొక్కి, అదీ ఫోను నుంచి వచ్చినవారిని మాత్రమే దారి మళ్లిస్తుంది. యజమానికి తప్ప ఊరందరికీ తెలిసే దొంగతనం ఇది.

అప్పుడు గూగుల్ పెట్టెలో ఇంగ్లీషులో ‘సైట్’ అన్న పదం, పక్కన కోలన్, ఆ వెంటనే నా డొమైన్ పేరు కొట్టి చూశాను. నేను రాసినవి నాలుగు వందల లోపు పేజీలు. గూగుల్ చూపించినవి వేలు. ‘గోంగూర నిల్వ పచ్చడి’ అన్న నా శీర్షిక కింద జపాను లిపిలో రెండు వరుసలు, వాటి మధ్య ఏదో చేతిసంచి ధర యెన్‌లలో ఉంది. ఇది నాకొక్కదానికే వచ్చిన తెగులు కాదు. దీన్ని జపనీస్ కీవర్డ్ హ్యాక్ అంటారు. గూగుల్ తన సహాయ పేజీలలో దీనికి ప్రత్యేకంగా వివరణ ఇచ్చింది. దొంగలు సెర్చ్ కన్సోల్‌లో (సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో యజమానికి చూపే గూగుల్ సేవ) తమను కూడా సైటు యజమానులుగా చేర్చుకుంటారని అందులో ఉంటే వెళ్లి చూశాను. నా ఖాతా కింద నాకు తెలియని మరో మెయిలు చిరునామా, యజమాని హోదాలో, నిజంగానే ఉంది.

ఇంకొక ఆనవాలు వర్డ్‌ప్రెస్ వాడుకరుల పేజీలో దొరికింది. పైన ‘అడ్మినిస్ట్రేటర్ (2)’ అని ఉంది. కింద పట్టికలో నా పేరు ఒక్కటే ఉంది. ఆ రెండో మనిషి కనిపిస్తాడేమోనని పేజీని ఐదారుసార్లు తెరిచాను. డేటాబేసులోకి దిగి యూజర్స్ టేబుల్ తెరిస్తే గానీ బయటపడలేదు. ఆ పేరును జాబితాలో చూపకుండా దాచే కోడ్ కొన్న ప్లగిన్లలోనే ఉంది. అది కూడా కాపలాకని పెట్టుకున్న ప్లగిన్‌లో. కంచే చేను మేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. సైటు రూపును నిర్ణయించే థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలు తెరిస్తే, నేను ఎన్నడూ రాయని కోడ్ మొదటి వరుస నుంచే మొదలై, అర్థంకాని అక్షరాల గొలుసుగా తెర దాటి పోతోంది. ఫైలు తారీఖు మాత్రం రెండేళ్ల కిందటిదే. మార్చినట్టు తెలియకుండా తారీఖును కూడా వెనక్కి తిప్పిపెట్టారన్నమాట.

ఇలాంటి క్రాక్ చేసిన, అంటే లైసెన్సు తనిఖీని తీసేసిన, ప్లగిన్లను ‘నల్డ్’ అంటారు. వాటి ద్వారా పాకిన రోగాలలో బాగా పేరుపడినది డబ్ల్యుపి-విసిడి. వర్డ్‌ప్రెస్ సైట్ల భద్రత చూసే వర్డ్‌ఫెన్స్ సంస్థ వారు 2019లో దాని గురించి విపులంగా రాశారు. ఒక ప్లగిన్‌తో లోపలికి వచ్చి, సైటులోని మిగతా థీములన్నిటికీ పాకి, అదే హోస్టింగ్ ఖాతాలోని పక్క సైట్లకు కూడా అంటుకునే రకం అది. నాకు సోకినది అదేనని చెప్పలేను కానీ నడత మాత్రం అదే. మా అన్నయ్య చిన్న వ్యాపారం సైటు కూడా నా ఖాతాలోనే ఉంది. దానికీ అంటుకుంది.

అమ్మినవారిని నిలదీస్తే ‘మా ప్లగిన్లు జీపీఎల్ మేడం, లీగల్’ అన్నారు. ఈ మాట దగ్గర చాలామంది తడబడుతున్నారు కనుక కొంచెం ఆగుతాను. వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది, ప్లగిన్ల కోడ్ కూడా సాధారణంగా ఆ లైసెన్సుతోనే వస్తుంది. కొన్న కోడ్‌ను ఇతరులకు పంచడాన్ని ఆ లైసెన్సు అనుమతిస్తుందన్నది నిజమే. కానీ మనం తయారీదారుకు డబ్బు ఇచ్చేది కోడ్ కోసం మాత్రమే కాదు, ఆ కోడ్‌లో లోపం బయటపడిన రోజున సవరణ మన సైటుకు చేరడం కోసం, అడిగితే జవాబు రావడం కోసం. ఆ రెండూ తయారీదారు ఇచ్చే లైసెన్సు కీతోనే వస్తాయి. మధ్యవాడు ఇచ్చే జిప్‌లో ఆ కీ అడిగే భాగాన్ని కోసేసి ఉంటారు, కనుక సవరణలు రావు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. కోసే చెయ్యి అక్కడితో ఆగిందని ఎవరు హామీ? చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

బాగుచేయడం కొనడమంత సులువు కాలేదు. కట్టలో వచ్చిన ప్లగిన్లన్నిటినీ తీసేశాను, రెండు రోజులలో జూదం మళ్లీ వచ్చింది, ఎందుకంటే అసలు కోడ్ అప్పటికే థీములోకి దిగిపోయింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, ఆ బ్యాకప్ తీసినది కూడా అదే కట్టలోని ప్లగిన్, దాచినది కూడా అదే సర్వరు మీద. హోస్టింగ్ వారు ఏడు రోజుల బ్యాకప్‌లు మాత్రమే ఉంచుతారు, ఆ ఏడూ రోగం సోకిన తర్వాతివే. చివరకు తెలిసినవారి సాయంతో డేటాబేసును, ఫోటోల ఫోల్డరును మాత్రం పక్కకు తీసి, మిగిలిన ఫైళ్లన్నీ చెరిపేసి, వర్డ్‌ప్రెస్‌ను, థీమును, ప్లగిన్లను అధికారిక సైటు నుంచి కొత్తగా దింపుకొని ఎక్కించాము. ఫోటోల ఫోల్డరులో పీహెచ్‌పీ ఫైలు (సర్వరు మీద నడిచే కోడ్) ఒక్కటి కూడా ఉండకూడదు. మాకు నాలుగు దొరికాయి. దాగిన అడ్మిన్‌ను తొలగించి, హోస్టింగ్, డేటాబేసు, ఎఫ్‌టీపీ (సర్వరులోకి ఫైళ్లు ఎక్కించే దారి), మెయిలు పాస్‌వర్డులన్నీ మార్చి, కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలను కూడా మార్చాము. ఆ కీలు మారిస్తే అప్పటికే లాగిన్ అయి ఉన్నవారందరూ బయటకు వచ్చేస్తారు, దొంగతో సహా. ఈ ఒక్క పని చాలామంది మరిచిపోతారు. సెర్చ్ కన్సోల్‌లో ఆ కొత్త ‘యజమాని’ని తీసేసి, పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకున్నాను.

అధికారిక డైరెక్టరీ నుంచి దింపుకుంటే ఇక కళ్లు మూసుకోవచ్చునని కూడా నేను అనడం లేదు. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ రెండు లక్షలకు పైగా సైట్లలో నడుస్తుండగా చేతులు మారింది. కొత్త యజమానులు మామూలు అప్‌డేట్ రూపంలోనే దొడ్డిదారి కోడ్ పంపారు. ఆ సెప్టెంబరులో దాన్ని డైరెక్టరీ నుంచి తీసేశారు. అదే ఏడాది డిసెంబరులో మూడు లక్షల సైట్లలో ఉన్న క్యాప్చా అనే ప్లగిన్‌కు కూడా ఇదే జరిగింది. దురుద్దేశం లేకుండానే ప్రమాదం తెచ్చినవీ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో ఏడు లక్షల సైట్లు వాడుతున్న ఫైల్ మేనేజర్ ప్లగిన్‌లో, లాగిన్ కానివారు కూడా ఫైలు ఎక్కించగలిగే లోపం బయటపడింది. 2024 నవంబరులో నలభై లక్షల సైట్లలో ఉన్న రియల్లీ సింపుల్ సెక్యూరిటీలో, రెండంచెల లాగిన్ పెట్టుకున్న సైట్లలోనే ఏ ఖాతాలోకైనా ఎవరైనా దూరగలిగే లోపం కనబడింది. ఈ చివరి రెండింటిలోనూ సవరణ వెంటనే వచ్చింది, అప్‌డేట్ నొక్కినవారు బతికిపోయారు. అప్‌డేట్ నొక్కవద్దని చెప్పేవారి దగ్గర కొన్నవారి సంగతి ఊహించుకోండి.

ఇప్పుడు నేను ప్లగిన్ ఎంచేటప్పుడు ముందుగా చూసేది రేటింగులో ఎన్ని చుక్కలు వచ్చాయన్నది కాదు, చివరిగా ఎప్పుడు అప్‌డేట్ అయిందన్నది, ఏ వర్డ్‌ప్రెస్ వెర్షను వరకు పరీక్షించారన్నది. ఆ తర్వాత ఒక్క చుక్క ఇచ్చినవారి సమీక్షలు ఓపికగా చదువుతాను. అందులో పది మందికి పైగా ఒకే నెలలో ఒకే ఫిర్యాదు చేసి ఉంటే తలుపు మూసేస్తాను. సపోర్టు విభాగంలో ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయా, తయారీదారు పేరు ఈ మధ్య మారిందా అని కూడా చూస్తాను. ఒక పనికి ఒక్క ప్లగిన్. ఇంతకుముందు ‘ఉన్నాయి కదా’ అని రెండు కాషింగ్ ప్లగిన్లు, మూడు సెక్యూరిటీ ప్లగిన్లు పెట్టుకున్నాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, పేజీ తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టేది. వాడనిదాన్ని డీయాక్టివేట్ చేసి వదిలేయను, డిలీట్ చేస్తాను, ఎందుకంటే ఆపేసినా దాని ఫైళ్లు సర్వరు మీదే ఉంటాయి.

ప్రస్తుతం చెత్త వ్యాఖ్యలకు అకిస్మెట్, బ్యాకప్‌కు అప్‌డ్రాఫ్ట్‌ప్లస్, కాపలాకు వర్డ్‌ఫెన్స్ ఉచిత వెర్షన్, గూగుల్ కోసం యోస్ట్, వేగానికి ఒక కాషింగ్ ప్లగిన్ వాడుతున్నాను. వర్డ్‌ఫెన్స్ ఉచిత వెర్షన్‌లో కొత్త రక్షణ నియమాలు డబ్బు కట్టినవారికంటే ముప్ఫై రోజులు ఆలస్యంగా వస్తాయి. అది వారే చెప్పుకుంటారు, నా సైటు స్థాయికి అది చాలు. బ్యాకప్‌లు వారానికొకసారి సర్వరు మీద కాక నా డ్రైవ్‌లోకి పోతాయి, నెలకొకటి పెన్‌డ్రైవ్‌లో దాస్తాను. డబ్బు పెట్టి కొనాలనుకునేవారు తయారీదారు సొంత సైటులోనే కొనండి. ఏడాది తర్వాత రెన్యువల్ ధర ఎంతో కొనేముందే చూసుకోండి, మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోయేవారు చాలామంది.

డబ్బు పోయినవారు 1930కి ఫోను చేసి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. యూపీఐ లావాదేవీ నంబరు, గ్రూపులోని సందేశాల స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, ఎందుకంటే అడగడం మొదలుపెట్టిన పది నిమిషాలలో నన్ను గ్రూపు నుంచి తీసేశారు. ఫిర్యాదు నమోదైంది. 799 రూపాయలు ఇంకా రాలేదు. సైటు బాగుపడినా, గూగుల్‌లో వెతికితే నా గోంగూర పక్కన ఆ చేతిసంచులు నిన్నటికి కూడా పదకొండు పేజీలలో ఉన్నాయి. పోయిన వారం అదే ప్రకటన కొత్త పేరుతో మళ్లీ కనిపించింది. ధర 499కి తగ్గించారు. వివరం తెలుసుకుందామని కొనబోయేవాడిలా మా అన్నయ్య అడిగితే, వచ్చిన జవాబులో మూడో సూచన అక్షరం మారకుండా అదే: ‘అప్‌డేట్ చూపించినా నొక్కవద్దు.’