ఆరు సెషన్లు, ఒక యాప్: మా ఆఫీసు కౌన్సెలింగ్ సేవపై సమీక్ష

ఉద్యోగుల మానసిక ఆరోగ్యం కోసం మా సంస్థ బయటి సంస్థ ఒకదానితో ఒప్పందం చేసుకుని ఏడాది దాటింది. ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని, పొట్టిగా ఈఏపీ అని పిలిచే ఈ సేవలో 24 గంటల ఫోన్ లైను, ఒక్కో సమస్యకు 6 సెషన్ల వరకు కౌన్సెలింగ్, వీటికి తోడు ఒక యాప్ ఉన్నాయి. మూడింటినీ వాడి చూశాను గనుక, తమ ఆఫీసులో ఇలాంటి సేవ ఉన్నా ఫోన్ చేయడానికి వెనుకాడేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

వెనుకాడటానికి కారణం తెలిసిందే: చెప్పినదంతా హెచ్‌ఆర్ చెవిన పడుతుందేమోనన్న భయం. మా మీటింగు గదులన్నిటికీ అద్దాల గోడలే కావడంతో నేను మొదటిసారి మెట్ల దారిలో నిలబడి ఫోన్ చేశాను, నా పేరు చెప్పకముందే ఈ సంగతి ఆఫీసుకు తెలుస్తుందా అని అడిగాను. ఎంతమంది సేవ వాడుకున్నారు, ఏ రకం సమస్యలు ఎక్కువగా వచ్చాయి అన్న మొత్తం లెక్కలే సంస్థకు వెళ్తాయని, పేర్లు వెళ్లవని, అయితే ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే మాత్రం గోప్యతను పక్కన పెట్టవలసి వస్తుందని అవతలి కౌన్సెలర్ ఓపికగా వివరించారు. ఆ చివరి మాట దాచకుండా చెప్పినందువల్లే నాకు మిగతాది నమ్మబుద్ధయింది. మా బృందంలో ఉన్నది నలుగురమే; బృందాల వారీగా అంకెలు ఇస్తే పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు కదా అని కూడా అడిగాను. చిన్న బృందాల లెక్కలు విడిగా ఇవ్వబోమని చెప్పారు.

ఈ సేవలో అసలు విలువ కౌన్సెలింగ్‌దే. నాకు కేటాయించిన కౌన్సెలర్ మొదటి సెషన్‌లో సలహాలేమీ ఇవ్వలేదు. వారం రోజులపాటు ల్యాప్‌టాప్ ఎన్నింటికి మూశానో, మూసే ముందు చివరగా చేసిన పని ఏమిటో, అది ఎవరు అడిగినదో ఒక కాగితం మీద రాయమన్నారు. పని ఎక్కువై అలసిపోతున్నానని అప్పటిదాకా అనుకున్నాను గాని, ఆ కాగితం చూస్తే ఇద్దరు పెద్దలు ఒకే పనికి వేర్వేరు గడువులు పెట్టడం వల్ల వారంలో మూడు రాత్రులు చేసిన పనినే మళ్లీ చేశానని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా కాక, సరిగా అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా వచ్చే స్థితిగా చూపిందని, శక్తి ఇంకిపోవడం, పని మీద విముఖత, చేతకావడం లేదన్న భావన దాని మూడు లక్షణాలని ఆవిడే చెప్పారు. నాది అదేనా, లేక కుంగుబాటా అన్నది తేల్చుకోవడానికి వైద్యుణ్ణి కలవమని కూడా సూచించారు.

ఆ సూచన యాప్ ఇవ్వలేకపోయింది. అందులో కుంగుబాటు ఏ మేరకు ఉందో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది: గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. మొత్తం 10 గాని అంతకు మించి గాని వస్తే శ్రద్ధ పెట్టవలసిన స్థాయి అని లెక్క. నాకు 14 వస్తే యాప్ ఒక పచ్చటి ఆకు బొమ్మ చూపించి, నిద్రకు ముందు వినవలసిన వాన చప్పుడు ఆడియో ఇచ్చింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది నొక్కినా ఫోన్ లైను నంబరు వెంటనే తెర మీదికి రావడం మాత్రం మెచ్చుకోదగినది, పరీక్షించి చూశాను. మిగిలినదంతా అడుగుల లెక్కలు, నవ్వు ముఖాలు. ఒకసారి రాత్రి 10:40కి మేనేజర్ పంపిన రెండు మెసేజీల మధ్య "ఒక్కసారి గాఢంగా ఊపిరి తీసుకోండి" అన్న నోటిఫికేషన్ వచ్చి పడింది.

నాకున్న పెద్ద ఫిర్యాదు నిజానికి సేవ మీద కాదు, దాన్ని కొని చేతులు దులుపుకునే యాజమాన్యాల మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యక్తులకు అందించే సాయంతోపాటు పని పరిస్థితుల్లో మార్పులను, మేనేజర్లకు శిక్షణను కూడా సిఫారసు చేశాయి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, యాప్‌లు, ఒత్తిడి నిర్వహణ తరగతుల వంటివాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపించలేదు. నా విషయంలోనూ రాత్రి పని తగ్గింది ఆ వారం రోజుల కాగితాన్ని మేనేజర్ ముందు పెట్టి, గడువులు ఒక్కరే చెప్పాలని అడిగిన తర్వాతే. ఆ సంభాషణ ఎలా మొదలుపెట్టాలో మూడో సెషన్‌లో కౌన్సెలర్ నాతో రెండుసార్లు అనిపించి చూశారు, కాబట్టి అందులో ఆవిడ వాటా తక్కువేమీ కాదు.

ఆరు సెషన్లు నాకు సరిపోయాయి గాని, పాత గాయాలున్నవారికి చాలవు. ఆరోదాని తర్వాత బయటి నిపుణుల జాబితా ఒకటి చేతిలో పెట్టి పంపేస్తారు. ఫోన్ లైనుకు అయిదుకు నాలుగు, కౌన్సెలింగ్‌కు నాలుగున్నర, యాప్‌కు ఒకటి ఇస్తాను. ఒప్పందాన్ని పొడిగించే ముందు హెచ్‌ఆర్ ఒక అభిప్రాయ పత్రం పంపింది. అందులో యాప్ గురించి ఎనిమిది ప్రశ్నలున్నాయి, సెషన్ల సంఖ్య గురించి ఒక్కటీ లేదు. చివర ఖాళీగా వదిలిన గడిలో దాని గురించే రాశాను.