సీసానిక్ 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్: చెన్నైలో నాలుగు ఎండాకాలాలు వాడాక

ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా గురించి రాయడంలో ఒక చిక్కుంది. సరిగ్గా పనిచేసినన్నాళ్లూ దాని ఊసే రాదు. గ్రాఫిక్స్ కార్డుకైతే ఆటల్లో ఇన్ని ఫ్రేములొచ్చాయని చెప్పుకోవచ్చు, దీనికేం చెప్తాం? అందుకే కొన్నవాళ్లు మొదటి వారంలోనే ఐదు స్టార్లు కొట్టేసి ఊరుకుంటారు. నేను సీసానిక్ ఫోకస్ జీఎక్స్-650తో నాలుగు ఎండాకాలాలు గడిపాక రాస్తున్నాను. ఉండేది కోడంబాకంలో, పై అంతస్తు, నెత్తిన డాబా, పని చేసుకునే గదిలో ఏసీ లేదు. చేసేది వీడియో ఎడిటింగ్ కాబట్టి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పని) పెడితే గంటల తరబడి సిస్టమ్ ఫుల్ లోడ్ మీదే ఉంటుంది.

దీనికి ముందున్నది క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల లోకల్ సరుకు. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టిన దగ్గర్నుంచి గోల మొదలైంది. రెండర్ సగంలో ఉండగా స్క్రీన్ నల్లబడి సిస్టమ్ రీస్టార్ట్ అయిపోయేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. విండోస్ తన సంగతులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్-పవర్ 41 అని ఒక ముక్క మాత్రం పడేది. ఆ 41ని చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవాళ్లున్నారు. దానర్థం విండోస్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని, అంతవరకే. ర్యామ్ కావచ్చు, వేడి కావచ్చు, గోడ దగ్గర ప్లగ్ వదులుగా ఉండొచ్చు.

విషయం తేల్చింది మల్టీమీటర్. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ ఒకటి ఖాళీగా ఉంటే, దాన్లో పసుపు వైరు 12 వోల్టులది, దాని పక్క నలుపు గ్రౌండ్. రెండిట్లో ప్రోబులు పెట్టి చూస్తే, డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు 11.9. రెండర్ మొదలవగానే 11.5. ఇంకాసేపటికి 11.3కి జారి, క్లిక్‌మని రీస్టార్ట్. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించాల్సిన ఏటీఎక్స్ ప్రమాణం ఒప్పుకునేది ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 కన్నా దిగకూడదు. మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ మాత్రం అప్పుడు కూడా 12.1 అని ధీమాగా చూపించింది. వోల్టేజీల విషయంలో ఆ సెన్సర్ల మాట నమ్మకండి.

పాతదాన్ని ఊడదీసి స్టిక్కర్ చదివితే అసలు కథ అక్కడే ఉంది. 12 వోల్టుల లైనుకి 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు. మిగతా అంకెంతా 5, 3.3 వోల్టుల ఖాతాలో వేసి 450 చేశారు. ఇప్పటి సిస్టముల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం లాక్కునేది 12 నుంచే. 3060 ఒక్కటే 170 వాట్లు తింటుంది, నా ప్రాసెసర్ రైజెన్ 5 5600 ఇంకో 76 వరకూ పోతుంది. ఇక బండి ఎక్కడ నడుస్తుంది?

చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో నేను వెళ్లిన షాపతను నెల్లూరువాడు. "సగం ధరకే ఇంకో 650 ఉందన్నా, అదీ ఇదీ ఒకటే" అన్నాడు. "స్టిక్కర్ చూపించు అన్నా" అన్నాను. డబ్బా విప్పాడు, ఇద్దరం చూశాం, మళ్లీ మూసేశాడు. సీసానిక్ డబ్బా మీద 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లని ఉంటుంది, అంటే 648 వాట్లు. పేరులో ఉన్న అంకె దాదాపు పూర్తిగా 12 దగ్గరే దొరుకుతుందన్నమాట. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు ఇంకేమీ చూడకపోయినా ఈ ఒక్క వరుస చూడండి.

300 వాట్ల సిస్టమ్‌కి 650 దండగ కదా అని మా బావ ఇప్పటికీ అంటాడు. 3060కి ఎన్విడియా చెప్పేదే 550. గ్రాఫిక్స్ కార్డులు రెప్పపాటులో తమ లెక్క దాటి లాగుతాయి, ఆ కుదుపుకి కాస్త జాగా ఉండాలి. పైగా సగం లోడ్ దగ్గర నడిస్తే వేడీ తక్కువ, చప్పుడూ తక్కువ.

కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్రల్లో దీనిది గోల్డ్, బ్రాంజ్ దానికన్నా కింద. గోల్డ్ అని తీసుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుందనే మాట మాత్రం పట్టించుకోకండి. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర లాగిన కరెంటులో బ్రాంజ్‌ 85 శాతం, గోల్డ్‌ 90 శాతం సిస్టమ్‌కి అందించాలి. 300 వాట్ల వాడకానికి తేడా 20 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు ఫుల్ లోడ్ నడిపినా నెలకి ఐదు యూనిట్లు. మనకిక్కడ రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో అది కనపడను కూడా కనపడదు. నేను డబ్బు పెట్టింది పదేళ్ల వారంటీకి.

వెనకాల హైబ్రిడ్ బటన్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే లోడ్ తక్కువున్నప్పుడు ఫ్యాన్ తిరగదు. డిసెంబరులో హాయిగా ఉంటుంది. మే నెలలో నేను దాన్ని ఆపేసి ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా పెడతాను, గదే 36 డిగ్రీలుంటే నిశ్శబ్దం ఎవరిక్కావాలి. ఇంకో సంగతి: ఎస్‌ఎంపీఎస్ బతికుందో లేదో చూడ్డానికి 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నునీ పక్కనున్న గ్రౌండునీ పేపర్ క్లిప్‌తో కలుపుతారు కదా, హైబ్రిడ్ ఆన్‌లో ఉంటే అప్పుడు కూడా ఫ్యాన్ కదలదు. చచ్చిపోయిందనుకుని సర్వీసు సెంటర్‌కి మోసుకెళ్లకండి, ముందు బటన్ చూడండి. దీని మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి, మామూలుగా 16వ పిన్నుకుండే ఆకుపచ్చ వైరు కోసం వెతక్కండి, పిన్నులు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇల్లు మారిన కొత్తలో క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమనేది. టెస్టర్ పెడితే వెలిగింది. ఇంట్లో అందరూ ఎస్‌ఎంపీఎస్‌నే తిట్టారు. దానికి సంబంధం లేదు. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ కరెంటు వచ్చేచోట ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ లోహపు డబ్బాకి కలుపుతాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మొత్తం మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర్లో తేలుతుంది. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు విప్పితే, సాకెట్ పైనున్న పెద్ద రంధ్రం వెనకాల వైరే లేదు! అలంకారానికి పెట్టినట్టున్నారు. ఎర్త్ వైరు లాగాడు, జిల్లు పోయింది. స్పైక్ బస్టర్ ఎంత ఖరీదుదైనా ఎర్తింగ్ లేనిచోట సగం దండగే.

యూపీఎస్ గురించి ఒక్క మాట. 600 వీఏ అని రాసున్నది సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. నా సిస్టమ్, మానిటర్ కలిపితే రెండర్లో దాదాపు అక్కడికే చేరుతుంది, కరెంటు పోగానే కీచుమని అరిచి ఆగిపోయేది. 1000 వీఏ పెట్టాక ఆ బాధ లేదు.

పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్‌కి గుచ్చే వైపు పిన్నుల వరుసకి ప్రమాణం లేదు, కనెక్టర్ సరిపోయినంత మాత్రాన 5 వోల్టుల చోట 12 వెళ్లదని కాదు, హార్డ్ డిస్క్ ఆ దెబ్బకి పోతుంది. దుమ్ము పేరుకుంటే బయట నుంచే బ్లోయర్ కొట్టండి, మూత విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 380 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కాసేపు నిలిచే ఉంటుంది.

నేను కొన్నది పాత తరానిది, కొత్త గ్రాఫిక్స్ కార్డులు అడిగే 16 పిన్నుల పవర్ కేబుల్ ఇందులో లేదు. మీరు అలాంటి కార్డు కొనే ఆలోచనలో ఉంటే ఇది వద్దు, ఏటీఎక్స్ 3.1 అని రాసున్నది అడగండి. 3060 లాంటి కార్డుతో ఇంకొన్నేళ్లు లాగిద్దామనుకుంటే నాదగ్గరున్నదే చాలు.