పీఓఈ కెమెరాలు, మూడు వానాకాలాల తర్వాత: బొమ్మ బాగుంది, తోకతోనే తంటా

కెమెరా డబ్బా మీద ఐపీ67 అని ఉంటుంది. మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచినా లోపలికి చుక్క దిగదని దాని అర్థం. అబద్ధమేమీ కాదు. కాకినాడ ఉప్పుగాలిలో మూడు వానాకాలాలు తడిసిన నాలుగు బుల్లెట్ కెమెరాల్లో ఒక్కదాని అద్దం లోపలా ఆవిరి పట్టలేదు. అయితే ఆ ఐపీ67 కెమెరా ఒంటికే. వెనక జానెడు పొడుగున వేలాడే తోకకూ, ఆ తోక చివరనున్న నెట్‌వర్క్ సాకెట్‌కూ అది వర్తించదు. ఈ సమీక్షలో సింహభాగం ఆ తోక గురించే.

సెట్టు ఇది: 8 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పద్ధతి) ఎన్వీఆర్, అంటే కెమెరాల బొమ్మను రికార్డు చేసే డబ్బా, 4 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు, 4 టీబీ సర్వైలెన్స్ డిస్కు. రెండు కెమెరాలు స్లాబు నీడలో ఉన్నాయి. ఒకటి గేటు పక్క గోడకు, ఇంకొకటి పెరటి పిట్టగోడకు, ఈ రెండూ పూర్తిగా ఆరుబయట. పెరటి కెమెరాకు పోయే కేబుల్ 62 మీటర్లు. యాప్, రిమోట్ వ్యూ, ప్లేబ్యాక్ అన్నీ ఈ ధరలో అందరివీ ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి, వాటి జోలికి పోను.

మొదటి ఏడాది పీఓఈని ఎంత పొగిడినా తక్కువే అనిపించింది. కెమెరాకు ఒకే కేబుల్, కరెంటూ బొమ్మా రెండూ దాంట్లోనే. గోడ మీద అడాప్టర్ డబ్బాలు లేవు, వాన పడితే షాక్ కొట్టే ప్లగ్గులు లేవు. కరెంటు పోయినప్పుడు ఎన్వీఆర్ ఒక్కటి ఇన్వర్టర్ మీద ఉంటే నాలుగు కెమెరాలూ వెలుగుతూనే ఉంటాయి. హ్యాంగైన కెమెరాను రీస్టార్ట్ చేయడానికి నిచ్చెన ఎక్కక్కర్లేదు, ఎన్వీఆర్ వెనక దాని ప్లగ్గు పీకి పెడితే సరి. ఈ మెప్పులో ఇప్పటికీ ఏదీ వెనక్కి తీసుకోను. కాకపోతే కరెంటు కూడా అదే తీగలో పోతుందన్న మాటకు ఇంకో అర్థం ఉందని రెండో వానాకాలంలో తెలిసింది.

ముసురు పట్టిన నాలుగో రోజు సాయంత్రం ఆరున్నరకు పెరటి కెమెరా ఆగిపోయింది. నిమిషంలో తిరిగి వచ్చింది, ఇంకో అర నిమిషానికి మళ్ళీ పోయింది. తెల్లవార్లూ అదే తంతు, లాగ్‌లో వీడియో లాస్ ఎంట్రీలు వందల్లో చేరాయి. పొద్దున ఆరు గంటలకల్లా ఏమీ ఎరగనట్టు నిలబడింది. పగలంతా ఒక్క ఫ్రేము కూడా పోలేదు. సాయంత్రం మళ్ళీ మొదలు.

ఇలాంటి ఫిర్యాదు వింటే మామూలుగా వచ్చే సలహాలు మూడు: ఫర్మ్‌వేర్ మార్చమని, ఎన్వీఆర్ పోర్టు మార్చమని, కేబుల్ నాసిరకమని. ఫర్మ్‌వేర్‌కు చీకటి పడిందో లేదో పట్టదు. పోర్టు మార్చినా జబ్బు కెమెరా వెంటే వచ్చింది. ఇక కేబుల్. బ్లేడుతో గీరితే పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు. కాపర్ అని అమ్మినా అది రాగిపూత పూసిన అల్యూమినియం, అంటే సీసీఏ. దొంగ దొరికాడు అనిపిస్తుంది. లెక్క వేస్తే అసలు దొంగ వాడు కాదు.

24 గేజ్ అసలు రాగి తీగకు వంద మీటర్లకు సుమారు 9 ఓమ్‌లు. పీఓఈలో పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు తీగలు జంటగా పనిచేస్తాయి కాబట్టి రానూపోనూ కలిపినా వంద మీటర్లకు ఆ 9 ఓమ్‌లే. 62 మీటర్లకు ఐదున్నర. సీసీఏ కాబట్టి ఒకటిన్నర రెట్లు పైచిలుకు కలిపితే 9 ఓమ్‌లు. ఎన్వీఆర్‌లో ఏ పోర్టు ఎన్ని వాట్లు లాగుతోందో చూపే పేజీ ఉంది. ఈ కెమెరా పగలు 4 వాట్లు, రాత్రి ఐఆర్ బల్బులు (చీకట్లో చూడటానికి కంటికి కనపడని వెలుగిచ్చేవి) వెలిగాక 7 వాట్లు లాగుతుంది. 48 వోల్టుల మీద 7 వాట్లంటే 0.15 ఆంపియర్లు కూడా లేవు, 9 ఓమ్‌ల మీద పోయేది వోల్టున్నర లోపే. కెమెరా దగ్గర 37 వోల్టులుంటే చాలని పీఓఈ ప్రమాణం చెబుతుంది, ఇక్కడ 46కు పైన మిగులుతోంది. అదే 12 వోల్టుల అడాప్టర్‌తో ఇంత దూరం లాగితే ఐదు వోల్టులు దారిలోనే ఆవిరై కెమెరా చచ్చి ఊరుకునేది. అంటే సీసీఏను పీఓఈ కాపాడింది, మనం మాత్రం సీసీఏను తిట్టుకుంటూ కూర్చున్నాం.

నిజం తేల్చిన పరీక్షలు రెండు. కెమెరా సెట్టింగ్స్‌లో డే-నైట్ మోడ్‌ను ఆటో నుంచి డేకు మార్చితే ఐఆర్ వెలగదు. ఆ రాత్రి బొమ్మ నల్లగా ఉంది గానీ కెమెరా ఒక్కసారీ పడలేదు. అంటే గొడవ డేటాది కాదు, కరెంటుది. తర్వాత కెమెరాను విప్పి ఎన్వీఆర్ పక్కన పెట్టి 2 మీటర్ల ప్యాచ్ కార్డుతో కలిపి, ముందు భాగానికి నల్లగుడ్డ కప్పితే ఐఆర్ వెలిగింది, గంటసేపు నిక్షేపంగా నడిచింది. అప్పటికి తోక సాకెట్ ఇంకా పూర్తిగా చెడలేదు, పొడిగా తుడిచి కొత్త ప్లగ్గు పెడితే పట్టుకుంది. కెమెరా మంచిదే, పోర్టు మంచిదే. మిగిలింది కేబుల్, దాని రెండు కొసలు.

పెరట్లో కొసకు చుట్టిన నల్ల ఇన్సులేషన్ టేపు విప్పితే చెంచాడు నీళ్ళు కారాయి. టేపు వానను ఆపలేదు సరికదా, లోపలికి పోయినదాన్ని బయటకు పోనివ్వలేదు. ఆర్‌జే45 ప్లగ్గులో నీలం జత పిన్నులు, అంటే 4, 5 నంబర్లు, పచ్చగా చిలుము పట్టి సగానికి తినేసి ఉన్నాయి. గోధుమ జత 7, 8 కొంచెం నల్లబడ్డాయి. డేటా నడిచే 1, 2, 3, 6 పిన్నులు మెరుస్తూనే ఉన్నాయి. ఈ ఎన్వీఆర్ కరెంటు పంపేది మోడ్-బీలో: 4, 5 మీద ప్లస్, 7, 8 మీద మైనస్. రెండు పిన్నుల మధ్య ఉప్పునీళ్ళ పొర ఉండి, వాటి మీద 48 వోల్టుల డీసీ రాత్రింబవళ్ళు ఉంటే అది తొట్టిలో జరిగే ఎలక్ట్రోప్లేటింగే. ప్లస్ వైపు లోహం కరిగిపోతుంది. బంగారు పూత పల్చగా ఉన్న ప్లగ్గుకు ఒక్క ముసురు చాలు.

రాత్రే ఎందుకు పడేదంటే, చిలుము పట్టిన చోట తగులు నిరోధం పదుల ఓమ్‌లకు పెరిగింది. దారి మొత్తం మీద సుమారు 60 ఓమ్‌లు దాటితే 7 వాట్లు లాగే కెమెరాకు 37 వోల్టులు అందవు. 4 వాట్లకైతే వంద దాకా తట్టుకుంటుంది. ఆ రెంటి మధ్య ఉన్నన్నాళ్ళూ కెమెరా పగలు బతికి రాత్రి చస్తుంది. రీస్టార్ట్ అయ్యేటప్పుడు మొదటి కాసేపు ఐఆర్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి లేచి నిలబడుతుంది, లోపల పగలు-రాత్రి మార్చే ఫిల్టర్ టక్కుమని జరిగి బల్బులు వెలగ్గానే పడిపోతుంది. చీకటి పడ్డాక తప్పిపోయే కెమెరా ఎక్కడైనా ఉంటే ముందు విప్పి చూడాల్సింది ఆ టేపునే.

నా కోపం కెమెరా మీద కన్నా బిగింపు మీద. ప్రతి కెమెరా డబ్బాలోనూ తోకకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు సామాను వస్తుంది: ఒక రబ్బరు వలయం, ఒక రబ్బరు బిరడా, మర తిప్పే మూత. ముందు మూతను, తర్వాత బిరడాను కేబుల్‌కు ఎక్కించి, ఆ పైన ప్లగ్గు క్రింప్ చేయాలి, అంటే తీగ కొసకు నొక్కి బిగించాలి. ప్లగ్గు ముందే కొట్టేస్తే మూత దూరదు. రోజుకు పది కెమెరాలు బిగించే కుర్రాళ్ళు క్రింపింగ్ కిందే కానిచ్చేసి పైకెక్కుతారు, ఆ సామాను డబ్బాలోనే ఉండిపోతుంది. మొత్తం నాలుగు డబ్బాల్లోనూ కవరు కూడా చింపకుండా దొరికింది.

బాగుచేసిన పద్ధతి చెబుతాను. కేబుల్‌ను కొస నుంచి పదిహేను సెంటీమీటర్లు కోసి, తీగ మెరుస్తూ కనిపించే దాకా వెనక్కి వెళ్ళాలి. తేమ జాకెట్ లోపల పాకి ఉంటుంది, నాలుగు వేళ్ళు కోస్తే చాలదు. మూత, బిరడా ఎక్కించి కొత్త ప్లగ్గు. పిన్నుల మీద బఠాణీ గింజంత డైఎలక్ట్రిక్ సిలికాన్ గ్రీజు. తోకకు పక్కనే వేలాడే 12 వోల్టుల జాక్ వాడకపోయినా దానికీ రబ్బరు టోపీ పెట్టాలి, లేదంటే నీళ్ళు అందులోంచి తీగ వెంబడి లోపలికి పాకుతాయి. ఆపైన సాగే రబ్బరు టేపును రెట్టింపు పొడవుకు సాగదీసి, సగం సగం మీద పడేలా, కింద నుంచి పైకి చుట్టాలి. పెంకులు పరిచినట్టన్నమాట, పై చుట్టు మీద నుంచి జారిన నీరు కింది చుట్టులోకి దూరదు. మొత్తాన్నీ 4 బై 4 పీవీసీ బాక్సులో పెట్టి, కేబుల్‌ను బాక్సు కన్నా కిందికి ఒక వంపు దించి, అడుగు నుంచి లోపలికి ఎక్కించాలి. బాక్సు పైన, పక్కల సిలికాన్ పూయవచ్చు గానీ అడుగున 5 మిల్లీమీటర్ల చిల్లు వదిలేయాలి, లోపల పట్టే చెమట కారిపోవాలి కదా. ఇంకో మాట: చింతపులుసులా ఘాటుగా పుల్లటి వాసన వేసే సిలికాన్ వద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసిన ట్యూబు అడగాలి.

ఇంత చేశాక ఆరు నెలలకు అదే కెమెరా మళ్ళీ పడింది. ఈసారి తప్పు తోక సాకెట్‌ది, దాని లోపలి నీలం పిన్నులు ముందే గాయపడ్డాయి. ప్లగ్గు మారుతుంది గానీ తోక మారదు. ఇక్కడే ఊహించని మేలు జరిగింది. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం పాటించే కెమెరా మోడ్-ఏ, మోడ్-బీ రెంటినీ తీసుకోవాలి. మోడ్-ఏలో కరెంటు డేటా జతలైన 1-2, 3-6 మీదే వస్తుంది. మోడ్-ఏ ఇచ్చే చిన్న 4 పోర్టుల పీఓఈ స్విచ్ మధ్యలో పెట్టి, దాని అప్‌లింక్‌ను ఎన్వీఆర్‌కు కలిపితే, పారేద్దామనుకున్న కెమెరా ఐఆర్‌తో సహా లేచి కూర్చుంది. ఏడాది దాటింది, ఒక్క రాత్రీ పడలేదు. అయితే ఇప్పుడు కరెంటు నడిచేది మంచి పిన్నుల మీద. అవీ తడిస్తే ఇక దారి లేదు, 12 వోల్టుల జాక్‌కు దగ్గర్లో అడాప్టర్ పెట్టుకోవడమే.

బొమ్మ బాగుందని పైన శీర్షికలోనే రాశాను, దానికీ ఒక సవరణ ఉంది. నాలుగూ 2.8 మిల్లీమీటర్ల లెన్సులే, వెడల్పు ఎక్కువ వస్తుందని. ఆ లెన్సు సుమారు వంద డిగ్రీలు చూస్తుంది. 10 మీటర్ల దూరంలో 24 మీటర్ల వెడల్పు. బొమ్మ అడ్డంగా ఉండే 2560 పిక్సెళ్ళను ఆ 24 మీటర్లకు పంచితే మీటరుకు 107. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికే 125, తెలియని ముఖాన్ని గుర్తించడానికి 250 కావాలని ఐఈసీ 62676-4 ప్రమాణం. అంటే గేటు దగ్గర ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. గేటుకు 6 మిల్లీమీటర్ల లెన్సు తీసుకోవాల్సింది, అదే దూరంలో మీటరుకు 260 దాకా వచ్చేవి. వానాకాలంలో ఐఆర్ వెలుగుకు ఉసుళ్ళు, వాటి కోసం సాలీళ్ళు వస్తాయి. అద్దం ముందు ఒక్క దారం ఊగినా తెల్లటి తాడులా మెరిసి అలర్టులు కురిపిస్తుంది. మనిషి, వాహనం ఫిల్టర్ పెడితే చాలావరకు తగ్గాయి. మిగిలినదానికి పదిహేను రోజులకోసారి బూజుకర్రే మందు.

మళ్ళీ కొనాలంటే పీఓఈయే కొంటాను, అదీ సొంతిల్లు కాబట్టి, గోడలకు చిల్లులు పెట్టుకునే హక్కు ఉంది కాబట్టి. అద్దె ఇంటికి, రెండే కెమెరాలు చాలనుకునే వాళ్ళకు ఇంత సరంజామా దండగ. సముద్రానికి దూరంగా, కెమెరాలన్నీ స్లాబు కింద ఉండే ఇంట్లో ఈ తోక గొడవ ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. జనం వచ్చిపోయే దుకాణానికి, హాలుకు అయితే డిస్కు లెక్క వేరు: 2013 ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం కిందికి వచ్చే చోట 30 రోజుల రికార్డింగు ఉంచాలి. కెమెరాకు 4 ఎంబీపీఎస్ చొప్పున నాలుగింటికి రోజుకు 173 జీబీ అవుతుంది, 4 టీబీ 23 రోజులకే నిండిపోతుంది, 6 టీబీ పెట్టుకోవాలి. 2025 ఏప్రిల్ 9 నుంచి కెమెరాలకు ప్రభుత్వం తప్పనిసరి చేసిన భద్రతా పరీక్షలు హ్యాకింగ్ గురించి, వాటిలో తోక తడి ప్రసక్తి వెతక్కండి.

గేటు కెమెరా తోకను పోయిన వేసవిలో విప్పి చూస్తే నీలం పిన్నుల మీద పచ్చదనం అప్పుడే మొదలైంది. కోసి, కొత్త ప్లగ్గు కొట్టి, బాక్సులో పెట్టాను. స్లాబు కింది రెండింటి టేపు మాత్రం ఇంకా విప్పలేదు.